తోడు ప్రయాణానికి, వేగానికి కాదు

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద నకిరేకల్ దాటి, సూర్యాపేట చేరకముందు కేతేపల్లి వస్తుంది. ఆ మండలంలోనే కొర్లపహాడ్ టోల్‌గేటు ఉంది. కార్లు, బస్సులు, లారీలు అక్కడ రుసుము కట్టి కదలాలి. మోటారు సైకిలుకు ఆ రుసుము లేదు కనుక ఆగకుండా సాగిపోతుంది. అలా సాగిపోయేవాళ్ళు మూడు రకాలుగా కనిపిస్తారు. పనిమీద ఒక్కరే పోయేవాళ్ళు కొందరు. వెనక సీటు మీద ఇంటి మనిషిని కూర్చోబెట్టుకుని పోయేవాళ్ళు కొందరు. నాలుగైదు బండ్ల మీద దోస్తులంతా కలిసి జాతరకో, మూసీ ప్రాజెక్టు చూడటానికో, పండుగకు సొంత ఊరికో పోయేవాళ్ళు ఇంకొందరు. బండి మీద ఒంటరిగా పోవడం మేలా, తోడుతో పోవడం మేలా అన్నది ఈ రోజు మన విషయం. నా అభిప్రాయం ముందే చెప్తాను. తోడు మంచిది. అయితే ఆ మంచి మనకు బయల్దేరే ముందు, ఆగిన చోట, ఆపద వచ్చిన వేళ దక్కుతుంది. చక్రాలు తిరుగుతున్నంతసేపు తోడున్నవారు మన బ్రేకు పట్టలేరు, మన బదులు ముందు దారి చూడలేరు. ఆ సమయంలో పదిమంది నడుమ ఉన్నవారు కూడా ఒంటరిగా ఉన్నామనుకునే నడపాలి. ఈ తేడా తెలియకపోవడం వల్లనే, మేలు చేయాల్సిన తోడు కీడు చేస్తోంది.

తోడు లేకుండా దారి పట్టొద్దని మన పెద్దలు చెప్పారు. అందుకు గట్టి కారణాలే ఉండేవి. కాలినడకన, ఎడ్లబండి మీద పోయే రోజుల్లో దొంగలు, పాములు, చీకటి, పొంగే వాగులు ప్రయాణంలో భయాలు. నలుగురు ఉంటే దొంగ జంకుతాడు. ఒకరికి కాలు బెణికితే మరొకరు ఆసరా ఇస్తారు. అప్పటి వేగం గంటకు నాలుగైదు కిలోమీటర్లు. ముందున్నవాడు ఆగితే వెనకున్నవాడు మరో అడుగు వేయకుండానే ఆగగలడు. కాడి కట్టిన జోడెడ్లలో ఒకటి నిలబడితే రెండోది నిలబడి తీరుతుంది. మోటారు సైకిళ్ళ గుంపును కలిపే కాడి ఏదీ లేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. ముందు బండి వెనక ఎర్రదీపం వెలిగిందని కన్ను చూసి, మెదడు గ్రహించి, చెయ్యీ కాలూ కదిలేసరికి దాదాపు ఒక సెకను గడుస్తుంది. ఆ తర్వాతే బ్రేకు పని మొదలవుతుంది. మాట్లాడుకుంటూ పక్కపక్కన పోయే ఇద్దరు దోస్తుల మధ్య రెండు మీటర్ల ఎడం కూడా ఉండదు. అంటే పాతకాలపు భయాలకు మందుగా పనిచేసిన తోడు, ఈ కాలపు భయమైన వేగానికి మందు కాదు. పెద్దల మాట తప్పని నేను అనడం లేదు. ఆ మాట ఏ ప్రమాదాన్ని ఉద్దేశించి పుట్టిందో గుర్తుపెట్టుకుని పాటించాలంటున్నాను.

ఈ ప్రమాదం ఎంత పెద్దదో కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కలే చెప్తాయి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది రెండు చక్రాల బండ్ల మీద ఉన్నవాళ్ళు. అంటే నూటికి 44 మందికి పైగా. రోజుకు రెండు వందలకు మించిన ప్రాణాలు. ఇక మన దారి సంగతి. హైదరాబాద్, విజయవాడల మధ్య 17 బ్లాక్ స్పాట్లను అధికారులు గుర్తించి వాటిని సరిచేయడానికి పూనుకున్నారు. ఆ జాబితాలో కేతేపల్లి మండలంలోని ఇనుపాముల ఉంది, మూసీ దగ్గరి టేకుమట్ల ఉంది, కట్టంగూర్ ఉంది, సూర్యాపేట అవతల దురాజ్‌పల్లి ఉంది. సుమారు 500 మీటర్ల రోడ్డులో మూడేళ్ళ కాలంలో ప్రాణాలు పోయినవో, తీవ్ర గాయాలైనవో ఐదు ప్రమాదాలు జరిగినా, ప్రమాదాల్లో మొత్తం పదిమంది చనిపోయినా ఆ చోటును బ్లాక్ స్పాట్ అంటారు. మన దారిలో ఇవి ఎక్కువగా ఊరి రోడ్డు వచ్చి హైవేలో కలిసే కూడళ్ళ దగ్గరే ఉన్నాయి. పొలం నుంచి ఇంటికి, ఊరి నుంచి అంగడికి పోయే మనిషి రోజూ దాటాల్సింది అక్కడే. కాబట్టి ఇది లడఖ్ దాకా బండి మీద పోయే యాత్రికులు మాత్రమే ఆలోచించాల్సిన సంగతి కాదు. పాలు పోసి వచ్చే రైతుకు, సూర్యాపేటలో కొలువు చేసుకునే యువతికి, పండుగకు ఊరొచ్చే కుర్రవాడికి కూడా సంబంధించినదే.

ఇప్పుడు ఆ కూడలి దగ్గరికే వద్దాం. పది బండ్ల మీద వస్తున్న ఒక గుంపు డివైడర్ సందులోంచి అవతలి వైపు దాటాలనుకుందాం. ముందున్నవాడు ఆగి చూశాడు. లారీ 200 మీటర్ల దూరంలో వస్తోంది. దాటడానికి చాలినంత సమయం ఉందని లెక్కవేసి దాటాడు. అతని లెక్క సరైనదే. అయితే లారీ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే ఆ 200 మీటర్లు తొమ్మిది సెకన్లలో పూర్తవుతాయి. గుంపులో ఒక్కో బండికి ఒక్కో సెకను ఎడం ఉందనుకున్నా, పదో బండి ఆ సందులోకి వచ్చేది సరిగ్గా తొమ్మిదో సెకనులోనే. మొదటివాడు చూసిన ఖాళీ పదోవాడికి మిగలలేదు. అయినా పదోవాడు ఆగడు. తన ముందున్న తొమ్మిదిమంది దాటారు కనుక దారి ఖాళీగానే ఉందనుకుంటాడు. లారీ వైపు తల తిప్పి చూడాలన్న ఆలోచన కూడా అతనికి రాదు. ఒంటరిగా వచ్చి ఉంటే అదే మనిషి అదే చోట ఆగి, రెండు వైపులా చూసి, లారీ పోయాక దాటేవాడు. అతని చూపు, తెలివి, అనుభవం ఏమీ తగ్గలేదు. వాటిని ముందున్నవాడికి అప్పగించాడు, అంతే. గుంపు ప్రయాణంలోని అసలు ప్రమాదం ఇదే. ఎవరి నిర్ణయం వారు తీసుకోవాల్సిన క్షణంలో ఆ పని ఇంకొకరు చేశారులే అనుకోవడం. ఓవర్‌టేక్ చేసేటప్పుడు జరిగేదీ ఇదే. ముందు బండి బస్సును దాటింది కదా అని, ఎదురుగా ఏముందో చూడకుండా వెనక బండి కూడా పక్కకు తిప్పుతుంది.

చూసేవాళ్ళు ఉన్నప్పుడు మనిషి తెగువ పెరుగుతుందన్నది ఊహ కాదు. 2005లో అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 306 మందితో ఒక ప్రయోగం చేశారు. అందులో టీనేజీ పిల్లలు, కాలేజీ వయసువాళ్ళు, 24 ఏళ్ళు దాటినవాళ్ళు ఉన్నారు. అందరూ కంప్యూటరు మీద కారు నడిపే ఆట ఆడారు. పసుపు దీపం వెలిగాక ఎంత దూరం పోయే సాహసం చేస్తారన్నది ఆటలో చూస్తారు. కొందరు ఒంటరిగా ఆడారు, కొందరు తమ వయసువాళ్ళు పక్కన ఉండగా ఆడారు. తోటివాళ్ళు పక్కన ఉన్నప్పుడు తెగించడం పెరిగింది. ఆ పెరుగుదల పెద్దవాళ్ళలో కంటే చిన్న వయసువాళ్ళలో చాలా ఎక్కువగా కనిపించింది. ఆట వేరు, రోడ్డు వేరు కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆటలో పోయేది మార్కులు, రోడ్డు మీద పోయేది ప్రాణం. ఆ భయం రోడ్డు మీద మనిషిని కొంత అదుపులో పెడుతుంది. అయితే ఆ ప్రయోగం చూపింది బండి నడిపే నేర్పును కాదు, దోస్తుల ముందు వెనకబడకూడదన్న తపనను. ఆ తపన రోడ్డు మీదికి వచ్చాక తగ్గుతుందని అనుకోవడానికి కారణం లేదు. 100 సీసీ బండి ఉన్న కుర్రవాడు 350 సీసీ బండిని అందుకోవాలని యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పుతాడు. నాలుగు వరుసల రహదారి మీద కూడా చట్ట ప్రకారం మోటారు సైకిలు గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లే. అది ఆ పిల్లవాడికి తెలియనిది కాదు. తెలిసినదాన్ని పాటించే ధైర్యం గుంపులో తగ్గిపోతుంది.

మరి గుంపుగా పోవడమే మానెయ్యాలా? నేను అలా అనను, ఎందుకంటే గుంపు వైపు కూడా బలమైన వాదం ఉంది. 1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జరిగిన 900 మోటారు సైకిల్ ప్రమాదాలను పరిశీలించి నివేదిక ఇచ్చింది. ఎదుటి వాహనం నడిపేవారు మోటారు సైకిలును గమనించకపోవడమే ఢీకొన్న ఘటనల్లో ప్రధాన కారణమని అందులో తేలింది. ఒక్క బండి కళ్ళ బడకపోవచ్చు గానీ, ఐదు దీపాల వరుస కళ్ళ బడుతుంది. ఇది గుంపుకున్న నిజమైన లాభం. పంక్చరైతే సాయం, నల్లగొండ జిల్లా మే నెల ఎండలో ఒకరికి కళ్ళు తిరిగితే నీళ్ళిచ్చే చెయ్యి, నిద్ర ముంచుకొస్తే ఆపమని చెప్పే నోరు, ఇవన్నీ లాభాలే. వీటిని నిలుపుకుని నష్టాన్ని తీసేసే పద్ధతి ఉంది. అమెరికాలోని మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ గుంపులో ఐదు నుంచి ఏడు బండ్లే ఉండాలంటుంది. పక్కపక్కన కాకుండా ఒకరు కుడివైపు, తర్వాతివారు ఎడమవైపు, ఎడంగా పోవాలంటుంది. ఒకే వరుసలో ముందున్న బండికి రెండు సెకన్లు, పక్క వరుసలో ముందున్న బండికి ఒక సెకను దూరం ఉంచాలంటుంది. అనుభవం ఉన్నవారు ముందు ఒకరు, చివర ఒకరు ఉంటారు. నేను మన దారికి తగినట్టు రెండు మాటలు కలుపుతాను. వేగాన్ని అందరికంటే నెమ్మదైన బండి నిర్ణయించాలి. తర్వాత ఎక్కడ ఆగుతామో, నకిరేకల్ బస్టాండా, సూర్యాపేటలో ఫలానా హోటలా, అన్నది ప్రతి ఒక్కరికీ ముందే తెలియాలి. ఆగే చోటు తెలిసినవాడు తప్పిపోతానని భయపడడు, తరుముకుంటూ రాడు. కూడలి దగ్గర లారీ వస్తుంటే నిమ్మళంగా ఆగుతాడు.

ఇలాంటి నియమాలు పెడితే ఆనందం ఎక్కడ మిగులుతుందని యువకులు అంటారు. ఆ మాటను తేలికగా కొట్టిపారేయకూడదు. దోస్తులతో ప్రయాణం వయసుకు తగిన సంతోషం. దాన్ని ఎవరూ లాక్కోకూడదు. కానీ ఆ సంతోషం ఎక్కడ పుడుతుందో చూడండి. హెల్మెట్ పెట్టుకుని, గాలి హోరులో, ఇంజను మోతలో ఒకరి మాట ఒకరికి వినపడదు. మాటలు, నవ్వులు, ఫోటోలు, ఒకే ప్లేటులో పంచుకున్న మిర్చి బజ్జీ, అన్నీ ఆగిన చోటే. కాబట్టి ఆగడం పెరిగితే స్నేహం పెరుగుతుంది, తగ్గదు. అలాగే ఒంటరి ప్రయాణానికి కూడా దాని సొంత గొప్పతనం ఉంది. ఎవరి కోసమూ వేగం పెంచనక్కర లేదు, ఎవరికీ రుజువు చేయాల్సింది లేదు, అలసిపోతే వెంటనే ఆగవచ్చు. హైదరాబాద్‌కు చెందిన జై భారతి ఈ రెండు దారులనూ చూశారు. 2018లో ఆమె మరో ముగ్గురు మహిళలతో కలిసి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దేశాల మీదుగా సుమారు 17 వేల కిలోమీటర్లు బండ్ల మీద తిరిగారు. 2021లో మహిళలకు రాకపోకల స్వేచ్ఛ కావాలంటూ మన దేశంలో 11 వేల కిలోమీటర్లకు పైగా ఒంటరిగా ప్రయాణించారు. ఆడవాళ్ళకు ఒంటరి ప్రయాణం తగదన్న అభ్యంతరానికి ఇంతకంటే మంచి జవాబు అక్కర్లేదు. రోడ్డు మీద ఆడపిల్లను భయపెట్టేవాడు ఉంటే సరిదిద్దాల్సింది వాడిని. ఆమె బండి తాళం చెవి దాచిపెట్టడం పరిష్కారం కాదు. అయితే ఆడవారైనా మగవారైనా ఒంటరిగా పోయేవారు ఒక పని చెయ్యాలి. ఏ దారిన పోతున్నారో, ఎన్ని గంటలకు చేరతారో ఇంట్లో ఒకరికి చెప్పి బయల్దేరాలి. చేరే సమయం దాటితే వెతకడానికి ఒక మనిషి ఉండటమే ఒంటరివారికి తోడు.

మూడో రకం ప్రయాణం, వెనక సీటు మీద మనిషిని కూర్చోబెట్టుకుని పోవడం, మన పల్లెల్లో అన్నిటికంటే ఎక్కువ. దాని గురించే మనం అన్నిటికంటే తక్కువ ఆలోచిస్తాం. 2022లో హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. బండి నడిపేవాడికి కనీసం హ్యాండిల్ పట్టు ఉంటుంది. వెనక పక్కకు తిరిగి కూర్చుని, ఒడిలో బిడ్డను పట్టుకున్న తల్లికి ఆ పట్టు కూడా లేదు. హెల్మెట్ పెట్టుకుంటే మరణం ముప్పు నూటికి 42 పాళ్ళు, తలకు గాయమయ్యే ముప్పు 69 పాళ్ళు తగ్గుతాయని అనేక అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2008లో తేల్చింది. మోటారు వాహనాల చట్టం వెనక ఒక్కరినే ఎక్కించుకోమంటుంది. నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలంటుంది. ముగ్గురు ఎక్కినా, హెల్మెట్ లేకపోయినా ఆ చట్టంలో వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత ఉన్నాయి. దీనికి పేదవారి నుంచి వచ్చే అభ్యంతరం నిజమైనది. ఇంటికి ఉన్నది ఒక్క బండి, ఆసుపత్రికి నలుగురు పోవాలి, ఏం చేయమంటారు? ఈ ప్రశ్నకు జరిమానా జవాబు కాదు, బస్సు జవాబు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. తల్లీ కూతుళ్ళు బస్సులో, తండ్రి బండి మీద పోతే అందరూ క్షేమం. బస్సు వచ్చే వేళలు పల్లెకు సరిపోనిచోట, వేళలు మార్చమని అడగడం గ్రామసభ పని. ఆ పనిని బండి మీద నలుగురు ఎక్కి తప్పించుకోలేం.

ఇక ఒంటరి ప్రయాణం మీద ఉన్న అతి పెద్ద అభ్యంతరం. పడిపోతే చూసేదెవరు? నిజమే, గుంపులో ఒకరు పడితే నలుగురు ఆగుతారు, ఒంటరిగా పడినవాడు చీకట్లో పడి ఉండవచ్చు. దీనికి జవాబు ప్రయాణికుడి దగ్గర లేదు, దారి పక్క ఊళ్ళ దగ్గర ఉంది. గాయమైన తర్వాతి మొదటి గంటను చట్టమే గోల్డెన్ అవర్ అని పేర్కొంది. ఆ గంటలో వైద్యం అందితే బతికే అవకాశం ఎక్కువ. 108 అంబులెన్సు సేవ హైదరాబాద్‌లోనే 2005 ఆగస్టు 15న మొదలైంది. ఆ మూడు అంకెలు తెలియని ఇల్లు ఈ రోజు లేదు. అయినా మనుషులు ఫోన్ చేయడానికి జంకుతారు. పోలీసులు స్టేషను చుట్టూ తిప్పుతారని, కోర్టుకు పిలుస్తారని భయం. ఒకప్పుడు ఆ భయానికి కారణాలు ఉండేవి. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు సాయం చేసినవారికి రక్షణనిచ్చే మార్గదర్శకాలను దేశమంతటా తప్పనిసరి చేసింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134-ఏ సెక్షను వచ్చింది. మంచి మనసుతో సాయం చేసినవారి మీద ఆ సాయం కారణంగా సివిల్ దావా, క్రిమినల్ కేసు ఉండవు. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనవసరం లేదు. 2025లో కేంద్రం తెచ్చిన నగదురహిత చికిత్స పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితుడికి ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు వైద్యం అందాలి. కాబట్టి డబ్బు ఎవరు కడతారన్న సందేహం కూడా మనల్ని ఆపకూడదు. కేతేపల్లి నుంచి ఇనుపాముల దాకా, టేకుమట్ల వంతెన దాకా రోడ్డు పక్క చాయ్ దుకాణం నడిపేవారు, పెట్రోలు బంకులో పనిచేసేవారు, చేనులో ఉన్న కూలీలు, ఆ దారిన పోయే ప్రతి ఒంటరి ప్రయాణికుడికీ తోడే.

మొత్తం మీద నేను చెప్పేది ఇదీ. ఒంటరితనం ప్రమాదం కాదు, గుంపు రక్షణ కాదు. బండి కదులుతున్నప్పుడు నిర్ణయం ఎవరిదన్నదే ముఖ్యం. రెండేళ్ళకోసారి వచ్చే పెద్దగట్టు జాతరకు దురాజ్‌పల్లి పోతున్నా, సంక్రాంతి రద్దీలో ఊరికి పోతున్నా, కలిసి పోవాలనుకున్న యువకులు బండి తీసేముందు పది నిమిషాలు కూర్చోండి. ఎక్కడెక్కడ ఆగాలో, ఎవరు చివర ఉండాలో అప్పుడే తేల్చుకోండి. ఏ కూడలి దగ్గరా ఎవరూ ఎవరి వెనకా గుడ్డిగా దాటకూడదని మాట ఇచ్చుకోండి. అందరికంటే నెమ్మదిగా నడిపే దోస్తును వెక్కిరించకండి, అతని వేగమే అందరి వేగం చేసుకోండి. ఇంటి పెద్దలు పిల్లవాడికి బండి కొనిచ్చేటప్పుడే హెల్మెట్లు రెండు కొనండి, ఎందుకంటే ఆ బండి మీద ఎప్పుడో ఒకప్పుడు రెండో మనిషి తప్పకుండా ఎక్కుతారు. హైవే పక్క ఊళ్ళవాళ్ళు చట్టం ఇచ్చిన రక్షణను పంచాయతీ ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. వీటిలో ఏదీ ఖర్చు ఎక్కువైన పని కాదు, ఏదీ రేపటికి వాయిదా వేయాల్సినది కాదు.